ఊరందరికీ తెలిసిన నిజం కోర్టుకు ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: వకీలు గారికి నమస్కారం. మాది గజపతి జిల్లాలో కాశీనగర్ దగ్గర, వంశధార ఒడ్డున ఒక పల్లె. మా తాతగారు 1934లో 1 ఎకరా 60 సెంట్ల పల్లపు భూమి కొన్నారు. ఆయన పోయాక 1961లో మా పెదనాన్న, మా నాన్న చెరి 80 సెంట్లు పంచుకుని తెలుగులో ఒక కాగితం రాసుకున్నారు. రిజిస్ట్రీ చేయించలేదు. తర్వాత సర్కారు భూములు కొలిచి రికార్డు రాసిన సెటిల్‌మెంటులో పట్టా మొత్తం పెదనాన్న పేరునే పడింది. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. నాన్న పోయి 6 ఏళ్లయింది. అమ్మా నేనూ మనుషుల్ని పెట్టి సాగు చేయిస్తున్నాం. ఇప్పుడు పెదనాన్నగారి అబ్బాయి, నేను అన్నయ్యా అని పిలిచే మనిషి, భూమంతా తమదేనని, మా నాన్న వాళ్ల దయ మీద దున్నుకున్నాడని పర్లాకిమిడి కోర్టులో దావా వేశాడు. సమన్లు వచ్చి 19 రోజులైంది. అతని తరఫున ఆరుగురు సాక్షులున్నారట, మాకు ఇద్దరే దొరికారు. మా కాగితం తెలుగులో ఉంది గనుక ఒడిశా కోర్టులో చెల్లదని ఒకాయన అన్నారు. ఆ పొలం చెక్క మాదేనని ఊళ్లో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. అమెరికాలో లాగా జ్యూరీ పెట్టి మా ఊరి పెద్దలు పదిమందిని కూర్చోబెడితే ఒక్క పూటలో తేలిపోదా? మనకి జ్యూరీ ఎందుకు లేదు? ఊరు తెలియని జడ్జిగారు ఏం చూసి తీర్పు చెబుతారు?

జవాబు: అమ్మా, జ్యూరీ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ 19 రోజుల సంగతి. సమన్లు అందిన నాటి నుంచి 30 రోజుల్లో మీ జవాబు, కోర్టు భాషలో రిటన్ స్టేట్‌మెంట్, దాఖలు చెయ్యాలి. కోర్టు గడువు పెంచవచ్చు. చట్టంలో రాసిన హద్దు 90 రోజులు. కానీ ఆ పెంపు మీద ఆశ పెట్టుకోకండి. వాయిదాకి మీ తరఫున ఎవరూ నిలబడకపోతే మిమ్మల్ని ఎక్స్‌పార్టీ చేస్తారు, అప్పుడు అన్నయ్య చెప్పిందొక్కటే కోర్టు చెవిన పడుతుంది. వకీలుకి డబ్బు లేదని ఆగిపోవద్దు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలుని ఇస్తారు. పర్లాకిమిడి కోర్టులో జిల్లా న్యాయసేవా సంస్థ ఎక్కడని అడగండి, లేదా 15100కి ఫోన్ చెయ్యండి. ఈ వారంలోనే వెళ్లండి. మిగతాది వెళ్లి వచ్చాక చదువుకున్నా పరవాలేదు.

ఇక జ్యూరీ. మన దేశంలో జ్యూరీ ఉండేది. అయితే అది ఉన్నది క్రిమినల్ కేసుల్లో, అదీ అన్ని జిల్లాల్లో కాదు. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ కింద సెషన్సు కేసుల్ని, అంటే పెద్ద నేరాల కేసుల్ని, జ్యూరీతో గాని, అసెసర్లతో గాని విచారించేవారు. అసెసర్లు అభిప్రాయం చెప్పేవారు, జడ్జి దానికి కట్టుబడనక్కర్లేదు. 1955 సవరణతో అసెసర్లు పోయారు. 1958లో లా కమిషన్ జ్యూరీ కూడా వద్దంది. ఆ మరుసటి ఏడాది బొంబాయిలో నానావతి కేసు వచ్చింది. భార్య ప్రియుణ్ని కాల్చి చంపాడన్న అభియోగం మీద విచారణకి వచ్చిన నేవీ అధికారిని జ్యూరీ 8 మంది ఒకవైపు, ఒకరు ఒకవైపుగా నిర్దోషి అంది. సెషన్సు జడ్జి ఆ నిర్ణయాన్ని ఒప్పుకోలేక హైకోర్టుకు పంపారు. హైకోర్టు యావజ్జీవ శిక్ష వేసింది, 1961లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. ఆ కేసుతోనే జ్యూరీ పోయిందని చాలామంది అంటారు. నిజానికి అది కొన్నిచోట్ల తర్వాత కూడా నడిచి, 1973 కోడ్ వచ్చాక పూర్తిగా ఆగింది. పార్శీల పెళ్లి తగాదాల్లో మాత్రం ఈనాటికీ జడ్జితో పాటు వాళ్ల సమాజం నుంచి 5 మంది డెలిగేట్లు కూర్చుంటారు. మీలాంటి భూమి దావాలకి మన జిల్లాల్లో జ్యూరీ ఏనాడూ లేదు. జ్యూరీకి పుట్టిల్లయిన ఇంగ్లండులోనే సివిల్ దావాల్లో అది దాదాపు కనుమరుగైంది.

మీరు అడిగిన దాంట్లో నాకు ముఖ్యంగా కనిపించింది ఇంకొకటి. ఊరి పెద్దలకి తెలుసు గనుక వాళ్లని కూర్చోబెట్టాలంటున్నారు. వందల ఏళ్ల కిందట ఇంగ్లండులో జ్యూరీ అలాగే మొదలైంది, ఇరుగుపొరుగు వాళ్లే వచ్చి తమకు తెలిసింది చెప్పేవారు. ఇప్పటి పద్ధతి దానికి పూర్తిగా తిరగబడింది. అమెరికాలో జ్యూరీని ఎంచేటప్పుడు ఒక్కొక్కరినీ ప్రశ్నిస్తారు. వాది నాకు బంధువనో, ఈ తగాదా గురించి ముందే విన్నాననో, ఆ పొలం నాకు తెలుసనో అంటే ఇంటికి పంపేస్తారు. మీరు అనుకున్న ఆ పదిమందిలో ఒక్కరికి కూడా అక్కడ కుర్చీ దొరకదు. జడ్జి కానివ్వండి, జ్యూరీ కానివ్వండి, ఏమీ తెలియకుండా వచ్చి, తమ ముందు పెట్టిన సాక్ష్యంతోనే తేల్చాలన్నది అక్కడా ఇక్కడా ఒకటే నియమం. తెలిసినవాళ్లు కూర్చోవలసిన చోటు బోను, న్యాయం చెప్పే కుర్చీ కాదు. మీ ఊరి పెద్దల్లో మీ నాన్న సాగుని కళ్లారా చూసినవాళ్లు ఎవరో ఏరి, వాళ్లని సాక్షులుగా తీసుకురండి.

జ్యూరీకి లేని బాధ్యత ఒకటి మన జడ్జికి ఉంది. జ్యూరీ అవునో కాదో చెప్పి లేచి వెళ్లిపోతుంది, ఎందుకో చెప్పనక్కర్లేదు. మన జడ్జి ఒక్కో వివాదాంశం మీద కారణాలు రాయాలి. ఏ సాక్షిని నమ్మారు, ఏ కాగితాన్ని పక్కన పెట్టారు, ఎందుకు అన్నది తీర్పులో ఉంటుంది. తప్పు జరిగితే పై కోర్టులో వేలు పెట్టి చూపించడానికి మీకు ఆధారం అదే.

ఇప్పుడు మీ కేసులోకి వద్దాం. ఇద్దరి మాటా విన్నాక కోర్టు వివాదాంశాలు రాసుకుంటుంది. 1934లో తాతగారు కొన్నారన్నది మీరు అంటున్నారు, మీ ఉత్తరాన్ని బట్టి మీ అన్నయ్య కూడా కాదనడం లేదు. ఇద్దరూ ఒప్పుకున్నదాన్ని ఎవరూ రుజువు చెయ్యనక్కర్లేదు. మిగిలిన తగాదా ఒకటే: 1961లో పంపకం జరిగిందా, లేదా? అందుకే ఆ పంపకం ఎప్పుడు, ఎవరి ఎదుట జరిగింది, మీ చెక్కకు నాలుగు దిక్కులా హద్దులేమిటి అన్నది మీ జవాబులో ఉండాలి. జవాబులో రాయని విషయానికి తర్వాత సాక్ష్యం తెచ్చినా కోర్టు దాన్ని చూడదు. ఈ ఒక్క పొరపాటుతో నిజం ఉన్నవాళ్లు ఓడిపోవడం నేను చాలాసార్లు చూశాను.

కాగితం విషయంలో కంగారు పెట్టే మాటలు వినకండి. తెలుగులో ఉన్నంత మాత్రాన కాగితం చెల్లకపోవడం ఉండదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడే దాకా మన పర్లాకిమిడి ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఈ జిల్లాల్లో పాత ఇళ్ల పెట్టెల్లో తెలుగు దస్తావేజులు ఉండటం సహజం. అసలు కాగితంతో పాటు కోర్టు భాషలోకి చేసిన అనువాదం కూడా జతచెయ్యాలి, అంతే. అనువాదం తప్పని అవతలివాళ్లు అంటే, చేసిన మనిషి వచ్చి చెప్పాల్సి రావచ్చు. అందుకని దస్తావేజుల తెలుగూ, ఒడియా లేక ఇంగ్లీషూ రెండూ బాగా వచ్చిన మనిషితో చేయించండి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మీ కేసు ఒక క్రియాపదం మీద ఆగి ఉంది. అన్నదమ్ములు నోటిమాటతో పంచుకోవచ్చు, హిందూ ధర్మశాస్త్రం ప్రకారం దానికి కాగితమే అక్కర్లేదు. అలా ముందే అయిపోయిన పంపకాన్ని, రేపు మరిచిపోకుండా, ఒక యాదాస్తుగా రాసుకుంటే ఆ యాదాస్తుకి రిజిస్ట్రీ అక్కర్లేదు. 1976లో కాలే కేసులో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది. అలా కాకుండా ఆ కాగితమే పంపకం చేస్తుంటే, అంటే దాని సంతకంతోనే భూమి రెండు ముక్కలవుతుంటే, 100 రూపాయలు దాటిన ఆస్తికి రిజిస్ట్రీ తప్పనిసరి. లేకపోతే హక్కు రుజువుకి అది పనికిరాదు. భూమి ఎవరి చేతిలో ఏ రకంగా ఉందన్న పక్క విషయానికి మాత్రం చూడవచ్చు, అదీ స్టాంపు బాకీ, జరిమానా కట్టాక.

కాబట్టి ఆ కాగితంలో ‘లోగడ పెద్దల సమక్షమందు పంచుకుని ఎవరి భాగము వారు అనుభవించుచున్నాము గనుక’ అన్నట్టు ఉందా, ‘ఈ దినము ఈ దిగువ ప్రకారము పంచుకొనుచున్నాము’ అన్నట్టు ఉందా? మొదటిదైతే యాదాస్తు, రెండోదైతే పంపకపు దస్తావేజు. చిక్కంతా ‘పంచుకొనడమైనది’ అన్న మాట దగ్గర వస్తుంది. పాత కరణాలకి ఆ మాట చాలా ఇష్టం. అది నిన్న జరిగిందాన్నీ చెబుతుంది, ఇప్పుడు జరుగుతున్నదాన్నీ చెబుతుంది. అప్పుడు దాని ముందూ వెనకా ఉన్న మాటలు చూడాలి: లోగడ, ఇదివరలో, నాటి నుండి అన్నవి ఉన్నాయా అని. తెలుగు సరిగా రాని అనువాదకుడు ఒక కాలాన్ని తీసి ఇంకో కాలం పెట్టాడంటే మీ 80 సెంట్లకూ చేటు. అనువాదం దాఖలు చేసే ముందు మీ వకీలు పక్కన కూర్చుని ప్రతి వాక్యం మీరే చదివి అర్థం చెప్పండి. మీ భాష మీకంటే ఆయనకి బాగా తెలియకపోవచ్చు, మొహమాటపడకండి.

కాగితం మీద సంతకాలు చేసినవాళ్లందరూ ఈపాటికి పోయి ఉంటారు. దానికి చట్టంలో దారి ఉంది. 30 ఏళ్లు దాటిన అసలు కాగితం, ఉండవలసిన చోటి నుంచి వస్తే, అందులో సంతకాలూ రాతా ఆ మనుషులవేనని కోర్టు భావించవచ్చు. పాత సాక్ష్య చట్టంలో అది 90వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ సాక్ష్య అధినియంలో 92. ఇందులో ఉండవలసిన చోటు అన్న మాట పట్టుకోండి. మీ నాన్నగారి ట్రంకుపెట్టెలో ఉందనుకోండి, అది అక్కడే ఉండేదని అమ్మ బోనులో చెప్పాలి. జిరాక్సుకి ఈ సౌకర్యం లేదు. కాగితం నలిగిపోతోందని లామినేషన్ చేయించకండి, అతుకులు వెయ్యకండి, దాని మీద పెన్నుతో ఏమీ రాయకండి. ఒక ప్లాస్టిక్ కవరులో మడత పెట్టకుండా ఉంచండి. ఒకటి గుర్తుంచుకోండి, సంతకాలు నిజమని భావిస్తారు గాని లోపల రాసిందంతా నిజమని కాదు.

పట్టా అన్నయ్య వైపు ఉందని భయపడుతున్నారు. పట్టాకి విలువ ఉంది, తప్పని చూపించే దాకా అది సరైనదనే అనుకుంటారు. కానీ పట్టా హక్కుని పుట్టించదు, తీసెయ్యదు. రెవెన్యూ రికార్డులో పేరు ఉన్నంతలో యజమాని అయిపోరని సుప్రీంకోర్టు ఒకసారి కాదు, ఎన్నోసార్లు చెప్పింది. ఇంటికి పెద్ద కొడుకు గనుక సెటిల్‌మెంటు కొలతలకి అమీన్ వచ్చినప్పుడు ఆయన పేరు చెప్పారన్నది మీ సమాధానమైతే, దానికి బలమిచ్చే కాగితాలు కావాలి. శిస్తు రశీదులు, నాన్నగారి పేరున సహకార సంఘంలో తీసుకున్న పంట రుణం, మోటారు కరెంటు కనెక్షను, ధాన్యం మండీలో అమ్మిన చీటీలు వెతకండి. పక్క పొలం వాళ్లు ఎప్పుడైనా అమ్ముకుని ఉంటే ఆ దస్తావేజు నకలు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో తీయించండి. తూర్పు హద్దు అన్న చోట మీ నాన్నగారి పేరు ఉండొచ్చు. దానికి ఎంత బరువిస్తారన్నది కోర్టు ఇష్టం. అయినా తగాదా పుట్టకముందు, మీతో సంబంధం లేనివాళ్లు రాసుకున్న మాట అది. నాకైతే అలాంటి కాగితం ఒక్కటి దొరికితే సగం ధైర్యం వస్తుంది.

ఆరుగురికి ఇద్దరు అన్న లెక్క వదిలెయ్యండి. ఏ విషయం రుజువుకైనా ఇంతమంది సాక్షులు ఉండాలని చట్టం అనదు, కొత్త చట్టంలో 139వ సెక్షన్ ఆ మాటే. సాక్ష్యాన్ని తూస్తారు, తలలు లెక్కపెట్టరు. సాక్షి తాను చూసిందే చెప్పాలి, ఎవరో చెప్పగా విన్నది కాదు. ఈ ఒక్క గీత దాటి ఎన్ని మంచి కేసులు పోయాయో! చాలా ఏళ్ల కిందట నా క్లయింటు తరఫున ఒక పెద్దాయన సాక్ష్యానికి వచ్చాడు. మనిషి ఉత్తముడు. ఆ పొలం నా క్లయింటు సాగులో ఉండటం ముప్పై ఏళ్లుగా చూసినవాడు. ఆ మాట చాలు. కానీ మావాడికి మేలు చేద్దామని, చిన్నప్పటి పంపకం కూడా నా కళ్లతో చూశానన్నాడు. అవతలి వకీలు ఓటరు కార్డు చూపించి, ఆ ఏడాది మీ వయసెంత తాతా అని ఒక్కటే అడిగాడు. 4 ఏళ్లు. ఆ అబద్ధంతో పాటు ఆయన ముప్పై ఏళ్ల నిజం కూడా కొట్టుకుపోయింది. ముందు రోజు ఆయన్ని కూర్చోబెట్టి ‘చూసినంతే చెప్పండి’ అని నేను గట్టిగా చెప్పలేదు. ఆ తప్పు నాది, ఇప్పటికీ మనసులో గుచ్చుతుంది.

మీ అమ్మగారి సంగతి కూడా అంతే. ఆవిడ ఆ ఇంటికి కోడలిగా వచ్చింది 1961 తర్వాతే అయితే, పంపకం చూశానని చెప్పకూడదు. వచ్చిన నాటి నుంచి ఆ చెక్కలో నాట్లు ఎవరు వేయించారు, గట్టు ఎవరు కట్టారు, గింజలు ఏ ఇంటి గాదెలోకి వచ్చాయి, పెదనాన్న ఏనాడైనా అడ్డుపడ్డారా, అవన్నీ చెప్పవచ్చు. ఆవిడ మొదటి వాంగ్మూలం అఫిడవిట్‌గా రాసి ఇస్తారు, అవతలి వకీలు అడ్డుప్రశ్నలు మాత్రం నోటితోనే. రాసిన అఫిడవిట్‌ని ఆవిడకి తెలుగులో చదివి వినిపించి, అర్థమయ్యాకే సంతకం పెట్టించండి. తెలియనిదానికి తెలియదు అనడం తప్పు కాదని ముందే చెప్పండి. కోర్టుకు వచ్చే ఓపిక లేకపోతే కోర్టు తరఫున ఒక కమిషనర్ని ఇంటికి పంపి వాంగ్మూలం తీసుకోమని అడగవచ్చు.

ఆ ఆరుగురినీ మీ వకీలు ప్రశ్నిస్తారు. కాబట్టి ఒక్కొక్కరి పొలం ఎక్కడ, ఆ రోజుల్లో ఊళ్లో ఉన్నారా వలస వెళ్లారా, అన్నయ్యకి బాకీ ఉన్నారా, కనుక్కుని ఆయనకి రాసి ఇవ్వండి. సాక్షుల ఇళ్లకి వెళ్లి బతిమాలడం, బెదిరించడం మాత్రం వద్దు.

అన్నయ్య ఎప్పుడైనా ఫోన్లో ఆ చెక్క మీదేనన్నట్టు మాట్లాడితే, ఆ రికార్డింగు మీ దగ్గర ఉంటే, దాన్ని తుడిచెయ్యకండి, ఆ ఫోన్ మార్చెయ్యకండి. అవతలివాడి నోటి ఒప్పుకోలు కన్నా గట్టి సాక్ష్యం తక్కువ. కోర్టులో పెట్టాలంటే దానికి సర్టిఫికెట్ కావాలి, కొత్త చట్టంలో అందులో ఒక భాగం మీరు, ఒక భాగం నిపుణుడు ఇవ్వాలి.

రుజువు బరువు మొదట అన్నయ్యదే. హక్కు నాదని దావా వేసినవాడు తన బలంతో గెలవాలి, మీ కాగితంలో లోపం చూపించి కాదు. ఖూనీ కేసులో సందేహానికి తావు లేకుండా రుజువు కావాలి. సివిల్ దావాలో అంత అక్కర్లేదు, రెండు కథల్లో ఏది నమ్మదగ్గదో దానివైపు త్రాసు మొగ్గితే చాలు. దాదాపు అరవై ఏళ్లు ఒక మనిషి, ఆ తర్వాత అతని భార్యాబిడ్డలు, కౌలు ఇవ్వకుండా సాగు చేస్తుంటే అది ఎవరి దయ అని కోర్టు తప్పక అడుగుతుంది.

ఇంకో మాట కూడా మీ జవాబులో రాయించండి. ఒకవేళ పంపకం రుజువు కాకపోతే ఏమవుతుంది? భూమి తాతగారిదిగానే మిగులుతుంది. దానికి ఇద్దరు కొడుకులు వారసులు. అప్పుడు కూడా సగం మీ నాన్నగారిదే. అది పెదనాన్న ఒక్కరిదే ఎలా అయిందో అన్నయ్య చూపించాలి. ప్రత్యామ్నాయంగా ఈ వాదన పెట్టుకునే వీలు చట్టంలో ఉంది.

కింది కోర్టులో ఏదో అయింది, కటకం హైకోర్టులో చూసుకుందామని ఎవరైనా అంటే వినకండి. జిల్లా కోర్టు అప్పీలులో సాక్ష్యాన్ని మళ్లీ చదువుతారు, హైకోర్టు రెండో అప్పీలు చట్టం ప్రశ్న ఉంటేనే తీసుకుంటుంది. కొత్త కాగితం అక్కడ పెట్టడం చాలా కష్టం. పెట్టెలో ఏముందో ఇప్పుడే బయటికి తియ్యాలి.

అతన్ని ఇంకా అన్నయ్య అనే రాశారు. ఆ పిలుపు చచ్చిపోకూడదని నాకూ ఉంది. జవాబు దాఖలయ్యాక, మధ్యవర్తిత్వానికి పంపమని గాని, లోక్ అదాలత్‌లో పెట్టమని గాని మీ వకీలుతో అడిగించండి. మీరన్న ఊరి పెద్దలకి అక్కడ నిజంగా పని ఉంది, ఇద్దర్నీ ఒక చాప మీద కూర్చోబెట్టగలిగేది వాళ్లే. కుదిరిన రాజీని కోర్టు ముందు రాయించి డిక్రీ చేయించుకోండి, మళ్లీ చిత్తు కాగితం మీద వద్దు. లోక్ అదాలత్ ఇచ్చే అవార్డు, అంటే తీర్పు, మీద అప్పీలు ఉండదు గనుక సంతకానికి ముందు హద్దులు, సెంట్లు రెండుసార్లు సరిచూసుకోండి.

ఈ రాత్రి ఆ కాగితం తీసి, దీపం దగ్గర పెట్టుకుని, పంపకం గురించి చెప్పే వాక్యాన్ని ఉన్నదున్నట్టు, తప్పులతో సహా, వేరే కాగితం మీద ఎత్తి రాయండి. రేపు వకీలు దగ్గరికి వెళ్లినప్పుడు మొదట ఆయనకి ఆ వాక్యమే చదివి వినిపించండి. నాకూ ఒక నకలు పంపండి.